మాస్టారి జవాబులు: బీరువా తాళాలు ఎవరికిచ్చారు?

పోయిన సంచికలో ఎవరో అమెరికా బడుల గురించి అడిగారు. మా అమ్మాయి దగ్గర న్యూజెర్సీలో ఆర్నెల్లున్నప్పుడు యూదుల బడి ఒకటి చూశానని, అక్కడ టీచర్లు ఒకరితో ఒకరు వాదులాడుకుంటూ చదువుకుంటారని రెండు ముక్కలు రాశాను. రాసి మర్చిపోయాను. మీరు మర్చిపోలేదు. ఈ పదిహేను రోజుల్లో వచ్చిన ఉత్తరాల్లో సగం దాని మీదే. కొబ్బరి ధర గురించి, మనవడి ఫోను పిచ్చి గురించి అడిగినవాళ్లు ఏమీ అనుకోకండి, మీవి వచ్చేసారి. ఈసారి అంతా టీచర్ల గొడవే.

ప్రశ్న: మాస్టారికి నమస్కారాలు. మాది సఖినేటిపల్లి దగ్గర ఒక లంక. మా చర్చిలో 23 ఏళ్లుగా సండే స్కూల్ నడుపుతున్నాను. 60 మంది పిల్లలు. నేను కాక ఇంకో ముగ్గురు టీచర్లు. నాకు మోకాళ్ల నొప్పులు, ఇక ఎవరికైనా అప్పగించమని పాస్టర్ గారంటున్నారు. ఎవరికివ్వాలండీ? కుర్రవాళ్లు నెల రోజులొచ్చి మానేస్తారు. రేవు దాటి వచ్చే అమ్మాయిలిద్దరు బాగా చెబుతారు గానీ నేను పక్కనుంటే నోరు మెదపరు. యూదులు ఎన్నో తరాలుగా పిల్లలకు ధర్మశాస్త్రం నేర్పుతున్నారు కదా, వాళ్ల టీచర్లలో ముందుండి నడిపేవాళ్లు ఎలా తయారవుతారు?
– ఒక సోదరి, సఖినేటిపల్లి మండలం

జవాబు: అమ్మా, మీకు తెలిసిన కథతోనే మొదలుపెడతాను. నిర్గమకాండం 18వ అధ్యాయం. మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని జనం తగాదాలన్నీ ఒక్కడే తీరుస్తున్నాడు. చూడ్డానికొచ్చిన మామగారు యిత్రో అది చూసి, ఇదేం పద్ధతయ్యా, నువ్వూ నలిగిపోతావు, ఈ జనమూ నలిగిపోతారు అన్నాడు. వెయ్యిమందికొకణ్ని, వందమందికొకణ్ని, యాభైమందికొకణ్ని, పదిమందికొకణ్ని పెట్టుకోమన్నాడు. మోషే విన్నాడు. (మామగారి మాట అంత తేలిగ్గా విన్న అల్లుణ్ని మన జిల్లాలో నేనింతవరకు చూడలేదు.) ఈ పాఠం మీరు పిల్లలకు ఎన్నోసార్లు చెప్పుంటారు. పదిమందికొకడు అన్న లెక్కన మీ 60 మందికి ఆరుగురు కావాలి. మీరున్నది నలుగురు, అందులో నోరు విప్పేది మీరొక్కరు.

ఇంకో సంగతి మీకు సంతోషం కలిగిస్తుంది. అమెరికాలో యూదుల ఆదివారపు బడి మొదలుపెట్టింది ఒక ఆడమనిషి, రెబెకా గ్రాట్జ్. ఊరు ఫిలడెల్ఫియా, సంవత్సరం 1838. చుట్టూ క్రైస్తవులు నడుపుతున్న సండే స్కూళ్లు చూసి, మన పిల్లలకూ ఇలాంటిది కావాలనుకుంది. పాఠ్యపుస్తకాలు లేవు. క్రైస్తవుల పుస్తకాలే తెచ్చి, తమ పిల్లలకు సరిపడని జవాబుల మీద కాగితం ముక్కలు అంటించేవారు. అక్కడ చదువుకున్న ఒకావిడ తర్వాత గుర్తు చేసుకుంది: ఆ కాగితాల కింద ఏముందో చూడాలని పిల్లలు పైనుంచీ కిందనుంచీ తొంగిచూసి తెగ అవస్థ పడేవారట. పిల్లలు ఎక్కడైనా పిల్లలే. నాకు నచ్చింది వేరే విషయం. ఆ బడిలో చెప్పేవాళ్లంతా ఆడవాళ్లు, జీతాలు లేవు, అక్కడే చదివిన అమ్మాయిలు పెద్దయి అక్కడే టీచర్లయ్యారు. టీచర్ల కోసం ఆవిడ బయట వెతుక్కోలేదు, వెనక వరసలో కూర్చున్న పిల్లల్ని ముందుకు తెచ్చుకుంది.

ఇక నేను చూసింది చెబుతాను. మా అమ్మాయి వాళ్ల పక్కింటావిడ యూదుల బడిలో మూడో తరగతి టీచరు. డెబ్భైకి దగ్గర పడ్డ మనిషి. నేనూ పంతులునే అని తెలిసి ఒకరోజు సాయంత్రం పిల్లలు వెళ్లాక జరిగే టీచర్ల మీటింగుకు తీసుకెళ్లింది. మీటింగంటే మనకు తెలిసినదే కదా. ఒకరు మాట్లాడతారు, మిగతావాళ్లు గడియారం చూస్తారు. అక్కడ లైబ్రరీ గది తలుపు తీయగానే ద్వారపూడి సంతలోకి వెళ్లినట్టనిపించింది. ఇరవై మంది దాకా ఉన్నారు, ఇద్దరేసి జతలుగా. ఒక్కో జత ముందు ఒకటే కాగితం. ఒకరు గట్టిగా చదవడం, రెండోవాళ్లు ఆగు ఆగు అనడం. ప్రిన్సిపాల్ ఎక్కడని అడిగితే, ఆవిడ ఓ మూల డ్రిల్లు మాస్టారితో జతగా కూర్చుని అతని చేతిలో ఓడిపోతోంది.

దీన్ని వాళ్లు హవ్రూతా అంటారు. హవేర్ అంటే స్నేహితుడు, అందులోంచి వచ్చిన మాట. వాళ్ల పెద్ద గ్రంథం తల్మూద్‌ను ఒక్కరే కూర్చుని చదవడం కన్నా ఇలా జతగా చదవడం వాళ్ల పాత అలవాటు.

మా పక్కింటావిడకు జత ఆ ఏడే చేరిన పాతికేళ్ల పిల్ల. కాగితం మీదున్నది తల్మూద్‌లో టీచర్ల గురించే ఒక వాదన. ఇద్దరు పంతుళ్లున్నారు. ఒకాయన పాఠం చాలా చెబుతాడు గానీ తప్పులొప్పులు అంత పట్టించుకోడు. రెండో ఆయన నిదానంగా తప్పు లేకుండా చెబుతాడు. ఎవర్ని పెట్టుకోవాలి? రావా అనే పండితుడు మొదటివాణ్నే అన్నాడు, తప్పు దానంతటదే దిద్దుకుంటుందని. దిమీ అనే ఆయన రెండోవాణ్నే అన్నాడు, ఒకసారి దిగిన తప్పు దిగినట్టే ఉంటుందని. పెద్దావిడ దిమీ పక్షం, చిన్నపిల్ల రావా పక్షం. కాసేపటికి నావైపు తిరిగి, మీరేమంటారన్నారు.

నేను లెక్కల మాస్టారిని. దిమీదే కరెక్టు అన్నాను. మా స్కూల్లో ఒక కుర్రాడికి ఏడెనిమిదులు యాభైనాలుగు అని రెండో క్లాసులో నాటుకుపోయింది, పదో క్లాసు దాకా నేను కొట్టినా తిట్టినా పోలేదని చెప్పాను. ఆ పిల్ల నా మొహంలోకి చూసి, "ఆ అబ్బాయి ఇప్పుడేం చేస్తున్నాడండీ?" అంది. అబద్ధం ఆడలేను కదా. బ్యాంకులో క్యాషియరు అన్నాను. బల్లలన్నీ ఘొల్లుమన్నాయి. పెద్దావిడ అందరికన్నా ఎక్కువ నవ్వి, నా పక్షం సాక్షి నన్నే ముంచాడు అంది.

అమ్మా, అక్కడ గమనించండి. అనుభవం ఉన్న మనిషి అందరి ముందూ ఓడిపోయింది, నవ్వింది. మర్నాటి నుంచి ఆ చిన్నపిల్ల ఏ మీటింగులోనైనా నోరు విప్పుతుంది.

మీ అమ్మాయిలిద్దర్నీ జత చేయండి. శనివారం సాయంత్రం ఓ గంట రమ్మని, మర్నాటి పాఠం వాళ్లనే చదువుకోమనండి. ఒకరు చెప్పాలి, రెండోవారు అడ్డు ప్రశ్నలు వేయాలి. మీరు ఆ గదిలో ఉండొద్దు. ఆదివారం మీరు వెనక బెంచీలో పిల్లల మధ్య కూర్చోండి, పాఠం తప్పు పోయినా లేవకండి. బడి అయ్యాక ఆ తప్పు సంగతి ఇద్దర్నే అడగండి. ఇంకోటి, హాజరు పుస్తకం, చందా డబ్బా, పిల్లలకిచ్చే బిస్కెట్ల లెక్క ఇప్పుడు ఎవరి దగ్గరున్నాయి? మీ దగ్గరే అయ్యుంటాయి. ముందు అవి ఇచ్చేయండి. పాఠం అప్పగించి డబ్బా మన దగ్గరే పెట్టుకుంటే అది అప్పగించినట్టు కాదు. నా అనుభవం కింద రాశాను, చదవండి.

ప్రశ్న: సార్, నాకు 27 ఏళ్లు. భీమవరంలో ఒక ప్రైవేటు స్కూల్లో మ్యాథ్స్ చెబుతాను. జూన్ నుంచి నన్ను హైస్కూల్ సెక్షన్‌కి ఇన్‌ఛార్జ్ చేశారు. 9 మంది టీచర్లు. అందులో నా చిన్నప్పుడు నాకు సైన్స్ చెప్పిన మాస్టారూ ఉన్నారు. ఆయన లెసన్ ప్లాన్ చూసి నేను సంతకం పెట్టాలి. ఆయన గుమ్మంలో కనిపిస్తే లేచి నిలబడుతున్నాను. ఒకటే టెన్షన్. ఇన్‌ఛార్జ్ వద్దనేద్దామా?
– భీమవరం

జవాబు: వద్దనకు బాబూ. లేచి నిలబడ్డం కూడా మానకు, అది మంచి అలవాటే. సంతకం ఆఫీసు పని, నిమిషంలో పెట్టేసెయ్. అసలు పని అది కాదు.

తల్మూద్‌లో యోహనాన్ అనే రబ్బీ ఉన్నాడు. రబ్బీ అంటే గురువు. ఆయన జతగాడు రేష్ లకీష్. ఇతను మొదట్లో బందిపోటు అంటారు. యోహనాన్ అతన్ని చదువులోకి లాగి, తన తోబుట్టువునే ఇచ్చి పెళ్లి చేశాడు. తర్వాత ఇద్దరికీ మాట తేడా వచ్చింది, రేష్ లకీష్ చనిపోయాడు. యోహనాన్ కుమిలిపోతుంటే తోటి పండితులు ఎలాజార్ అనే తెలివైన కుర్రాణ్ని ఆయన దగ్గరికి పంపారు. ఈయన ఏం చెప్పినా అతను, అవునండీ, మీ మాటకు బలంగా ఇదిగో ఇంకో ఆధారం ఉంది అనేవాడు. యోహనాన్‌కు ఒళ్లు మండింది. నేను ఒక మాటంటే రేష్ లకీష్ 24 ఆక్షేపణలు తెచ్చేవాడు, నేను 24 సమాధానాలు చెప్పేవాణ్ని, విషయం అలా తేటపడేది, నువ్వు నా మాట నిజమని చెప్పడానికొచ్చావా, అది నాకు తెలీదా అన్నాడు. రేష్ లకీష్ ఏడీ అని వీధుల్లో అరుస్తూ తిరిగాడట.

మన స్టాఫ్ రూముల్లో ఎలాజార్లకు కొదవ లేదు. ఇన్‌ఛార్జ్ అయిన మర్నాటి నుంచే నీ చుట్టూ చేరుతారు, ఈపాటికి చేరే ఉంటారు. నీకు కావాల్సింది నీ సైన్స్ మాస్టారు. ఆయన క్లాసుకు నువ్వు ఫైలు పట్టుకుని వెళ్లకు. ఆయన్నే నీ క్లాసుకు రమ్మను. "మాస్టారూ, ఎనిమిదో తరగతిలో బీజగణితం పాఠం తేలిపోతోంది, ఓ పిరియడ్ వెనక కూర్చుని ఎక్కడ పోతోందో చెప్పండి" అను. ఉత్తుత్తినే అడగొద్దు, నిజంగా తేలిపోతున్న పాఠానికే పిలువు. ఆయన చెప్పింది విని, ఒక్కటైనా మార్చుకుని, మళ్లీ పిలువు. రెండు నెలల్లో ఆయనే, ఒరే, నా క్లాసుకు కూడా ఓసారి రా అంటారు. అనకపోతే నాకు రాయి, ఇంకో మార్గం చూద్దాం.

హనీనా అనే ఇంకో పండితుడు, గురువుల దగ్గర చాలా నేర్చుకున్నాను, తోటివాళ్ల దగ్గర అంతకన్నా ఎక్కువ, శిష్యుల దగ్గర అందరికన్నా ఎక్కువ నేర్చుకున్నాను అన్నాడు. నీ మాస్టారికి ఈ మాట చెప్పొద్దు, దెప్పుతున్నావనుకుంటారు. నీ దగ్గరే ఉంచుకో.

ప్రశ్న: ఏవండీ మాస్టారూ, ఎక్కడి యూదులు, ఎక్కడి మనం! మా స్కూల్ కాంప్లెక్స్ మీటింగుల్లో సంతకం పెట్టి సమోసా తిని వచ్చేస్తాం. పై నుంచి వచ్చిన పీపీటీ చదువుతారు. ఇలాంటి చోట లీడర్‌షిప్ అంటూ పెద్ద మాటలెందుకు? వాళ్లకు డబ్బుంది, చేసుకుంటారు. ఆయ్, తప్పుగా అనుకోకండి.
– ఒక ఎస్జీటీ, పాలకొల్లు

జవాబు: తప్పేం లేదు, సగం నిజమే అన్నారు. పీపీటీ సంగతి నాకు తెలీదా? రాష్ట్రంలో వాళ్లు జిల్లావాళ్లకు, జిల్లావాళ్లు మండలానికి, మండలంవాళ్లు మీకు చెప్పాలి. ధవళేశ్వరంలో వదిలిన నీళ్లు శివారు చేలకు చేరినట్టే ఉంటుంది. వంతు వచ్చేసరికి బోదెలో తడి మాత్రం మిగులుతుంది.

డబ్బు మాట ఒప్పుకోను. వాళ్ల పాత ఏర్పాటు చూడండి. మొదట్లో తండ్రే కొడుక్కి చెప్పుకునేవాడు, తండ్రి లేని పిల్లాడికి చదువు లేదు. తర్వాత పదహారు పదిహేడేళ్లు వచ్చాక బడికి పంపేవారు, మాస్టారు కోప్పడితే ఎదురుతిరిగి లేచిపోయేవారట. (ఇంటర్ కాలేజీవాళ్లకు ఈ కథ బాగా అర్థమవుతుంది.) క్రీస్తు శకం 70లో జెరూసలెం దేవాలయం కూలడానికి కొన్నేళ్ల ముందు, యెహోషువా బెన్ గమ్లా అనే ప్రధాన యాజకుడు ప్రతి ఊళ్లోనూ పంతుళ్లుండాలి, పిల్లల్ని ఆరేడేళ్లకే చేర్చాలి అని కట్టుబాటు చేశాడు. నాలుగో శతాబ్దపు రావా, పైన చెప్పిన ఆయనే, లెక్క కూడా చెప్పాడు. 25 మందికి ఒక పంతులు. 50 మందైతే ఇద్దరు. 40 మందైతే పంతులుకు ఒక సాయం మనిషి, ఆ ఖర్చు ఊరిది. మన విద్యాహక్కు చట్టం 2009లో ప్రాథమిక బడికి 30 మందికి ఒకరన్నది. వీళ్లు ఎప్పుడో 25 దగ్గర ఆగారు.

ఆ సాయం మనిషి దగ్గర నేను ఆగిపోయాను. మాస్టారు చెప్పేది పిల్లలతోపాటు తనూ విని, తర్వాత వాళ్లచేత మళ్లీ చెప్పించేవాడని వ్యాఖ్యాతలు అంటారు. మన వీధిబడిలో పెద్ద కుర్రాడు చిన్నవాళ్లచేత ఇసుకలో అక్షరాలు దిద్దించేవాడు చూడండి, ఇంచుమించు అదే. రేపటి మాస్టారు అక్కడే, ఈ మాస్టారి పక్కనే తయారవుతాడు. మనం ఆ మెట్టు తీసేశాం. డీఎస్సీ పాసైన మర్నాడే 40 మంది ముందు ఒంటరిగా నిలబెడతాం.

ఇంకొకాయన గురించి చెప్పి ఆపుతాను. శామ్‌సన్ బెండర్లీ, 1876లో ఇప్పటి ఇజ్రాయేల్‌లో ఉన్న సఫేద్ అనే ఊళ్లో పుట్టాడు, అమెరికా వచ్చి డాక్టరు చదివాడు. వైద్యం వదిలేసి యూదుల చదువుల్లో పడ్డాడు. 1910లో న్యూయార్కులో యూదు విద్యకు ఒక కార్యాలయం పెడితే దానికి పెద్ద ఆయనే. ఆయన అన్నిటికన్నా ముందు చేసిన పని, చురుకైన కుర్రాళ్లను, అమ్మాయిలను ఏరి, కొలంబియా యూనివర్సిటీ టీచర్స్ కాలేజీలో చదివించడం, ఆ చదువు నడుస్తుండగానే బడుల్లో పనికి దింపడం. వాళ్లను బెండర్లీ కుర్రాళ్లు అనేవారు. తర్వాత ఒక్కొక్కరు ఒక్కో నగరంలో బడుల బాధ్యత తీసుకున్నారు. డాక్టరు కదా, హౌస్ సర్జన్ పద్ధతి ఇక్కడా పెట్టాడని నా ఊహ.

అలాగని అక్కడంతా పచ్చగా ఉందనుకోకండి. ఉత్తర అమెరికా యూదు విద్య మీద వేసిన ఒక కమిషన్ 1990లో ఇచ్చిన నివేదికలో, టీచర్లలో చాలామంది పార్ట్‌టైమ్ అని, తగిన శిక్షణ లేదని, పైకి ఎదగడానికి మెట్లు లేవని కుండబద్దలు కొట్టింది. వాళ్ల పంతుళ్ల కష్టాలూ మన కష్టాల్లాంటివే. ఆ కమిషన్ నడిపిన మండెల్ అనే వ్యాపారి పేరుతో ఉన్న సంస్థే జెరూసలెంలో విద్యా నాయకత్వానికి ప్రత్యేకంగా ఒక బడి నడుపుతోంది.

మీరు చేయగలిగింది: వచ్చే కాంప్లెక్స్ మీటింగులో పీపీటీ అయ్యాక, సమోసా వచ్చే లోపల పావుగంట అడగండి. మూడో తరగతి తెలుగు వాచకంలో ఒక్క పేజీ. ఇద్దరేసి జతలు. ఈ పేజీ పిల్లలకెక్కడ అర్థం కాదు, అది ఒక్కటే ప్రశ్న. అనుమతి ఇవ్వరంటారా? సమోసా తింటూ చేయండి, దానికి అనుమతి అక్కర్లేదు.

ప్రశ్న: నమస్తే సర్. జిల్లా పరిషత్ హైస్కూల్ హెచ్.ఎం.ని. ఇంకా మూడేళ్ల సర్వీసుంది. బడిని ఎంతో కష్టపడి ఓ దారికి తెచ్చాను. నేను వెళ్లాక ఇదంతా ఏమైపోతుందో అని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. నా తర్వాత ఎవరొస్తారో నా చేతిలో లేదు కదా.
– కోనసీమ

జవాబు: అమ్మా, మీ చేతిలో లేనిది వచ్చే హెచ్.ఎం. ఉన్న టీచర్లు మీ చేతిలోనే ఉన్నారు. నా తప్పు చెబుతాను, అది మీకు సలహా కన్నా ఎక్కువ పనికొస్తుంది.

డెల్టాలోనే ఒక హైస్కూల్లో 11 ఏళ్లు హెడ్మాస్టరుగా చేశాను. టైంటేబుల్ నా బుర్రలో ఉండేది. బీరువా తాళాలు నా జేబులో. ఎవరు సెలవు పెడితే ఏ పిరియడ్ ఎవరికి వెయ్యాలో కళ్లు మూసుకుని చెప్పేవాణ్ని, అదో గొప్పగా ఉండేది. రిటైరైన రోజు శాలువాలు, దండలు, మా బడికి దేవుడన్నారు. జూన్‌లో బడి తెరిచాక రోజూ పొద్దున్నే ఫోన్లు. సార్, హిందీ పిరియడ్లు ఎలా సర్దేవారు, ల్యాబ్ తాళం ఏది. పదో తరగతికి మూడు వారాలు హిందీ పాఠమే జరగలేదు. నిజం ఒప్పుకోవాలి, ఆ ఫోన్లు వస్తుంటే నాకు లోపల సంతోషంగా ఉండేది. చూశారా, నేను లేకపోతే నడవదు అని. మా ఆవిడే పట్టేసింది. "మీరు నడిపిన బడి మూడు వారాలు కూడా నిలబడకపోతే అందులో మీ గొప్పేముందండీ?" అంది.

అంతకన్నా సిగ్గుపడ్డది ఇంకోటుంది. టేబులు సొరుగు ఖాళీ చేస్తుంటే మడతపెట్టిన చార్టు ఒకటి దొరికింది. ఏడెనిమిదేళ్ల కిందట మా లెక్కల స్కూల్ అసిస్టెంటు అమ్మాయి సొంతంగా వేసి తెచ్చిన టైంటేబుల్. ఎర్ర ఇంకుతో గళ్లు, ఒక్కో టీచరుకీ వరసగా మూడు పిరియడ్లు పడకుండా సర్దింది. నాకన్నా బాగా వేసింది. ఆ రోజు నేను, బాగుందమ్మా, చూస్తాను అని సొరుగులో పడేశాను. ఆ అమ్మాయి మళ్లీ ఎప్పుడూ ఏదీ వేసుకురాలేదు.

సారా షెనిరెర్ గురించి నేను తర్వాతే చదివాను, ముందే చదివితే బాగుండేది. పోలండ్‌లో క్రాకోవ్ నగరంలో బట్టలు కుట్టుకుని బతికే మనిషి, 1883లో పుట్టింది. ఆ రోజుల్లో వాళ్లలో మగపిల్లలకు మతవిద్య నేర్పే బడులుండేవి, ఆడపిల్లలకు లేవు. నా దగ్గర గౌను కుట్టించుకునే పిల్లలకు ఒంటికి ఇంత శ్రద్ధగా కొలతలు తీస్తున్నాం, మనసుకెవరు కుడుతున్నారు అన్నట్టుండేది ఆవిడ బాధ. 1917లో 25 మంది ఆడపిల్లలతో బడి పెట్టింది. బైస్ యాకోవ్ అన్నారు దాన్ని. వేరే ఊళ్లవాళ్లు మాకూ కావాలంటే, టీచర్లు ఎక్కడినుంచి వస్తారు? తన దగ్గర చదివిన పిల్లల్నే, ఇంకా చిన్నవయసు వాళ్లనే, ధైర్యం చేసి ఊళ్లకు పంపింది. తర్వాత టీచర్ల కోసమే ఒక శిక్షణ బడి పెట్టింది. 1935లో ఆవిడ పోయే నాటికి అలాంటి బడులు 200కు పైగా ఉన్నాయి, ఆవిడ పోయాక కూడా నడిచాయి.

కుట్టుపని చేసే మనిషి కాబట్టే అలా చేయగలిగిందేమో. మన నరసాపురం లేసు అల్లేవాళ్లను చూడండి. పిల్ల చేతికి సూది ఇచ్చి ముందు చిన్న పువ్వు అల్లమంటారు. వంకర పోతే విప్పించి మళ్లీ అల్లిస్తారు. సూది లాక్కుని తామే అల్లేయరు. అల్లేస్తే పిల్లకు రాదు, దారం లెక్కా కుదరదు.

మూడేళ్లు చాలా సమయం. ఈ ఏడు టైంటేబుల్ ఇద్దరు టీచర్లకిచ్చి వేయించండి, మీరు వేలు పెట్టకండి. వచ్చే ఏడు పరీక్షల నిర్వహణ ఇంకో ఇద్దరికి. పేరెంట్స్ మీటింగులో మైకు మీరు పట్టుకోకండి. ఆఖరి ఏడు, నెలకోరోజు సెలవు పెట్టి ఇంట్లో కూర్చోండి, ఫోను ఆపేసి. ఆ రోజు బడిలో ఏం తప్పిందో మర్నాడు తెలుస్తుంది, అదే మీ సిలబస్. ఎవరైనా ఏదైనా వేసుకొస్తే మాత్రం సొరుగులో పడేయకండి.

ప్రశ్న: తెలుగు యూదులు ఉన్నారా మాస్టారూ? ఉంటే పులస తింటారా?
– డిగ్రీ విద్యార్థి, అమలాపురం

జవాబు: ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, తాము బెనె ఎఫ్రాయిం యూదులమని చెప్పుకునే తెలుగు కుటుంబాలున్నాయి. రెక్కలూ పొలుసులూ రెండూ ఉన్న చేపనే తినాలన్నది యూదుల నియమం. పులసకు రెండూ ఉన్నాయి కాబట్టి తినొచ్చు. జెల్ల, వాలుగ కుదరవు, పొలుసులుండవు కదా. రొయ్య, పీత అసలే పనికిరావు. అంటే భీమవరం చెరువుల వాళ్లకు వీళ్లు బేరం కాదు.

చేపల మాట వచ్చింది కాబట్టి ఇది కూడా విను. కొంకణ తీరంలో బెనె ఇజ్రాయేల్ అనే యూదులున్నారు. నూనె గానుగ ఆడుకుంటూ, శనివారం పని మానేస్తూ, చాలావరకు తమ చదువు మర్చిపోయి బతుకుతున్న రోజుల్లో డేవిడ్ రహాబీ అనే ఆయన వచ్చాడని వాళ్లలో ఒక కథ ఉంది. వీళ్లు నిజంగా మనవాళ్లేనా అని తేల్చుకోవడానికి రకరకాల చేపలు కలిపి ఇచ్చి ఆడవాళ్లను వండమన్నాడట. వాళ్లు పొలుసుల్లేనివి ఏరి పక్కన పెట్టేశారు. ఆయన వాళ్లకు చదువు చెప్పి, ముగ్గురు కుర్రాళ్లను ఎంచి పెద్దలుగా తయారుచేశాడు. ఆ ముగ్గురి ఇళ్లవాళ్లే తర్వాత తరతరాలుగా పూజలు, తగువులు చూసుకున్నారు.

కలకత్తాలో 1881లో పెట్టిన జ్యూయిష్ గర్ల్స్ స్కూల్ ఇప్పటికీ ఉంది. ఊళ్లో యూదులు చేతివేళ్ల మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు, అక్కడ చదివేది దాదాపు అందరూ ముస్లిం అమ్మాయిలే.

ప్రశ్న: మాస్టారూ, అందరికీ అప్పగించమని చెబుతున్నారు సరే, మీ తర్వాత ఈ శీర్షిక ఎవరు రాస్తారు?
– పేరు రాయని పాఠకుడు

జవాబు: దొరికిపోయాను. సొరుగులో చార్టు పడేశానని చెప్పిన ఆ లెక్కల అమ్మాయికి ఈ జవాబులన్నీ సంచికకు పంపేముందు చదవమని ఇచ్చాను. ఇప్పుడామే హెచ్.ఎం. ఫోను చేసి, చార్టు సంగతి ఉంచండి, ఫరవాలేదు అంది. ఆ తర్వాత, "సార్, మొదటి జవాబులో ఆ అమ్మాయిల్ని శనివారం సాయంత్రం రమ్మన్నారు. వాళ్లు రేవు దాటి వచ్చేవాళ్లని ఆవిడే రాశారు కదా. చీకటి పడ్డాక ఆడపిల్లల్ని రేవు దాటిస్తారా? ఆదివారం బడి అయ్యాక అక్కడే కూర్చుని వచ్చే వారం పాఠం చదువుకోమంటే సరిపోదా?" అంది.

సఖినేటిపల్లి సోదరికి: ఆ అమ్మాయి చెప్పినట్టు చేయండి. వచ్చే సంచికలో కొబ్బరి ధర జవాబు నాది, ఫోను పిచ్చి జవాబు ఆమెది.